జీర్ణగృహము – నిక్షేపధర్మము

ఋగ్వేదము ఏడవ మండలమున వాస్తోష్పతిని స్తుతించు సూక్తమొకటి కలదు. గృహమునకు అధిష్ఠాతయైన ఆ దేవతను, తన్ను తనవానిగా గుర్తింపుమనియు, ఇంటిని రోగబాధ లేనిదానిగా చేయుమనియు, ఇంటనున్న మనుష్యులకును పశువులకును క్షేమము కలిగింపుమనియు గృహస్థుడు వేడుకొనును. గృహప్రవేశ సమయమున నేటికిని మన ఇండ్లలో ఈ మంత్రములు వినబడుచున్నవి. ఇందలి భావమును విచారించినచో ఒక విషయము తేటపడును. ఇల్లు కట్టినవాడే ఇంటికి స్వామి కాడు. స్వామి వేరొకడు కలడు. కట్టినవాడు ఆయన అనుమతితో అందు నివసించువాడు. గడప దాటి లోనికి పోవునాడు ఈ మాట మనము చెప్పుకొందుము. ఆ ఇంటినే కూలద్రోయునాడు ఈ మాట ఎందరకు జ్ఞప్తికి వచ్చుచున్నది?

పూర్వులు కలపతో కట్టిన ఇల్లు శిథిలమగుచుండగా దానిని నిలుపుకొనుట ధర్మమా? లేక అది కేవలము మమకారమా? అట్టి ఇండ్లతో నిండిన ఒక పురాతనమైన వాడను కాపాడవలసివచ్చినపుడు ఆ భారము ఎవరిది? ఇంటిలో నున్నవానిదా, ఊరిదా, చూచి ఆనందించువానిదా? ఈ ప్రశ్నలు నాకు గ్రంథపఠనము వలన పుట్టినవి కావు. అహమ్మదాబాదు నగరమున ఒక ఇరుకు సందులో, ఒక వృద్ధురాలి ఇంటి అరుగుమీద పుట్టినవి.

2018వ సంవత్సరము కార్తిక మాసమున సత్సంగ మిత్రులతో కలసి ద్వారకాధీశుని, డాకోరులోని రణఛోడరాయని సేవించుటకు ఘూర్జరదేశమునకు వెళ్ళితిని. తిరుగు ప్రయాణమున అహమ్మదాబాదులో రెండు దినములు ఆగవలసివచ్చినది. కాలూపురమున నరనారాయణుల సన్నిధి కలదు. అది 1822లో ప్రతిష్ఠింపబడిన స్వామినారాయణ సంప్రదాయ దేవాలయము. ఆ సంప్రదాయమున మొదటి మందిరము. బర్మాటేకుతో చెక్కిన స్తంభములు, తోరణములు, బోదెలు అందు చూడదగినవి. స్వామిని సేవించి వెలుపలికి వచ్చిన పిమ్మట, ఆ వెనుకనున్న పాత వాడలను చూచిపొమ్మని అచ్చటివారు చెప్పగా నేనొక్కడనే బయలుదేరితిని.

ఆ వాడలను అచ్చట ‘పోల్’ అందురు. ఈ పదము వినగానే సంస్కృతము చదివినవానికి ‘ప్రతోళీ’ శబ్దము స్మరణకు వచ్చును. అమరసింహుడు వీథిని చెప్పు పదములలో దీనిని చేర్చినాడు. ప్రతోళియే వాడుకలో అరిగి పోల్ అయినదని పెద్దలు చెప్పుదురు. సబర్మతీ తీరమున 1411లో అహమ్మద్‌షా నెలకొల్పిన ఆ నగరపు ప్రాకారము లోపల ఇట్టి వాడలు సుమారు ఆరువందలు కలవట. ఒక్కొక్క వాడకు ఒక ద్వారము. రాత్రి ఆ ద్వారమును మూసినచో వాడయంతయు ఒకే ఇల్లుగా మారును. లోపల వంకరలు తిరిగిన సందులు, వాటి కిరువైపుల ఒకదాని నొకటి ఆనుకొని రెండు మూడు అంతస్తుల ఇండ్లు. ఇటుక గోడల నడుమ కలపపట్టెలను పొదిగి కట్టిరి. స్తంభములు, దూలములు, వసారాలను మోయు బోదెలు, ద్వారబంధములు అన్నియు టేకు. వాటిపై లతలు, చిలుకలు, ఏనుగులు, దేవతామూర్తులు చెక్కబడియున్నవి. ఎదురెదురు ఇండ్ల వసారాలు పైన ఇంచుమించు తాకుచుండుట చేత, మధ్యాహ్నవేళ కూడ క్రింద సందులో నీడయే.

చెక్కడపు పనితనము కంటె, ఆ ఇండ్ల కట్టుబాటులో నున్న ధర్మము నన్ను ఎక్కువగ ఆకర్షించినది. గృహస్థునకు శాస్త్రము ఐదు మహాయజ్ఞములను విధించినది. దేవ, పితృ, భూత, మనుష్య, బ్రహ్మ యజ్ఞములని వాటి పేర్లు. ఆ వాడలో ఒక్కొక్క యజ్ఞమునకు ఒక్కొక్క చోటు ఏర్పడియున్నది. వాడ నడుమ ఎత్తైన స్తంభముపై చెక్కిన చిన్న మండపము వంటిది కలదు. దానిని ‘చబూతరో’ అందురు. పక్షులకు ధాన్యము వేయుటకును, నీరు పెట్టుటకును అది కట్టబడినది. పట్టణము పెరిగి చెట్లు తరిగినచోట పక్షికి ఆధారము లేకపోరాదని పెద్దలు చేసిన ఏర్పాటిది, ఇదియే భూతయజ్ఞము. ఇంటి ముందు మన అరుగువంటి ‘ఓట్లో’ కలదు. దారిన పోవువాడు అడుగకయే కూర్చుండవచ్చును; ఇది అతిథికి స్థానము. లోపల ఆకాశము కనబడు చతురస్రమైన ముంగిలి. దాని క్రింద ‘టాంకా’ యను జలాశయము. పైకప్పుపై పడిన వర్షజలము గొట్టముల ద్వారా అందు చేరును. ఏడాది పొడుగున త్రాగుటకు, దేవతార్చనకు ఆ నీరే ఆధారమై యుండెడిది. పెక్కు ఇండ్లలో దేవతామందిరమునకు ప్రత్యేకముగ ఒక గది. జైనుల ఇండ్లలోనైనచో చెక్కడపు కలపతో గృహచైత్యములే కలవు.

వైష్ణవుల ఇండ్లను గూర్చి మన తెలుగువారు ప్రత్యేకముగ తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. ఆ దేశమున పుష్టిమార్గ వైష్ణవము ఇంటింట నెలకొని యున్నది. దానిని ప్రవర్తింపజేసిన శ్రీవల్లభాచార్యులు 1479లో చంపారణ్యమున అవతరించిరి. వారి వంశము తెలుగు వైదిక బ్రాహ్మణ వంశము. ఆ మార్గమున దేవాలయమును దేవాలయ మనరు, ‘హవేలీ’ యందురు. అనగా ఇల్లు. స్వామి అచ్చట నందనందనుడు; బాలునివలె మేలుకొనును, ఆడును, ఆరగించును, నిదురించును. స్వామి యుండు చోటు ఇల్లయినపుడు, మనుష్యుడుండు ఇల్లు స్వామి చోటు కాక తప్పదు. తెలుగు వంశమున జన్మించిన ఒక ఆచార్యుని మాట, ఘూర్జర గృహిణి వంటయింటివరకు చేరి నిలిచినది.

ఆ సందులో తిరుగుచు అలసి ఒక అరుగుపై కూర్చుంటిని. లోపలినుండి ఒక వృద్ధురాలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చినది. ఆమె వయస్సు ఎనుబదికి పైబడి యుండును. అచ్చట పెద్ద స్త్రీలను ‘బా’ యని పిలుతురు గనుక నేనును అట్లే పిలిచితిని. ఆమె నా తిరుమణికాపు చూచి నన్ను ‘మహారాజ్’ అని సంబోధించినది. ఇద్దరమును వచ్చీరాని హిందీలో మాటలాడుకొంటిమి. ఇల్లు మిక్కిలి సుందరముగ నున్నదంటిని. ఆమె నవ్వి లోనికి రమ్మన్నది. ముంగిలి దాటిన పిమ్మట ఒక దూలమునకు చెదలుపట్టి, దానిక్రింద ఇనుపగొట్టము పోటుగా నిలిపియున్నారు. పై అంతస్తు నేల ఒకచోట క్రుంగినది. ప్రక్క ఇంటి క్రిందిభాగము సరకులు దాచు గిడ్డంగి అయినది. కుమారులు ఇద్దరును సబర్మతికి ఆవలి యొడ్డున ఫ్లాట్లలో ఉన్నారు. అమ్మను రమ్మని అడుగుచున్నారు. ఆమె పోలేదు.

కారణ మడిగితిని. ఆమె చూపుడువ్రేలితో లోపలి గదిని చూపినది. అందు చిన్న ఊయలలో బాలకృష్ణుని మూర్తి. “అక్కడ ఠాకోర్‌జీకి అలమరలో ఒక అర ఉంది మహారాజ్. ఇల్లు లేదు” అన్నది. కొంచెము ఆగి మరల అన్నది: “చూడడానికి రోజూ వస్తారు. మంచి ఇల్లు, కాపాడుకో అని చెప్పి వెళతారు. ఆ దూలం మార్చడానికి ఎంత అవుతుందని ఒక్కరూ అడగలేదు.”

నేనును అడుగలేదు. ఇల్లు సుందరముగ నున్నదని చెప్పినవారిలో నేనొకడను. నాకు ఆ మాట గుచ్చుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. దానిని చెప్పక ఈ వ్యాసము వ్రాయుట కపటమగును.

మాది కోనసీమలో ఒక అగ్రహారము. నా పితామహుని తండ్రి కట్టించిన మండువా లోగిలి మాకుండెడిది. నాలుగు వైపుల వసారాలు, మధ్య ఆకాశము, పండ్రెండు టేకు స్తంభములు, పైన పెంకులు. వాన కురిసినపుడు నాలుగు చూరులనుండి జారు ధారలు మండువాలోని గుండిగలలో పడుచుండగా పిల్లలము చుట్టును కూర్చుండి చూచెడివారము. తూర్పువైపు గదిలో సాలగ్రామములు, పెరుమాళ్ళు. నేను పాఠశాలలో అమరము వల్లెవేయుటకు పూర్వమే ఆ ఇంటి స్తంభములనానుకొని అక్షరములు దిద్దితిని. కాలక్రమమున అందరును ఉద్యోగములకై పట్టణములకు చేరితిమి. ఆ ఇంట విధవయైన మా మేనత్త ఒక్కతె మిగిలినది. 1998లో మా రెండవ కుమార్తె వివాహము నిశ్చయమైనది. చేతిలో ధనము లేదు. ఒక కలప వర్తకుడు స్తంభములను, దూలములను, ద్వారబంధములను చూచి మంచి ధర చెప్పినాడు. నా సోదరులు అంగీకరించిరి. నేను సంతకము చేసితిని. ఆయన మోసము చేయలేదు. చెప్పిన ధనము చెప్పిననాడే ఇచ్చినాడు. ఆ విషయమై ఎవరిని నిందించుటకును నాకు అధికారము లేదు.

ఇల్లు విప్పు దినమున మేనత్త పెరుమాళ్ళ పెట్టెను ఒడిలో పెట్టుకొని అరుగుమీద కూర్చున్నది. “పెరుమాళ్ళను ఎక్కడ పెడతావురా నాయనా?” అని ఒక్క మాట అడిగినది. మా అద్దె ఇంటిలో గూటిలో పెట్టుదునని చెప్పితిని. ఆమె మరల నన్నేమియు అనలేదు. ఇరువది సంవత్సరముల తరువాత, తెలుగు తెలియని ఒక వృద్ధురాలి నోట అదే ప్రశ్న విన్నట్లైనది.

ఇక విచారమునకు వత్తము. పాత ఇండ్లను కాపాడరాదని గాని, కాపాడ నక్కరలేదని గాని చెప్పువారి పక్షమున బలమైన యుక్తులు కలవు. వాటిని తేలికగ త్రోసివేయరాదు.

మొదటి యుక్తి వైరాగ్యమునకు సంబంధించినది. శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన గురువులను చెప్పుచు సర్పమును కూడ చెప్పినాడు. సర్పము తనకై ఇల్లు కట్టదు. పరులు చేసిన పుట్టలో సుఖముగ నుండును. గృహారంభము దుఃఖహేతువని దానివలన ఆయన నేర్చెను. అచ్చటనే కపోతము కథయు కలదు; గూటిని, పిల్లలను వీడలేక అది వలలో పడెను. కనుక చెదలుతినుచున్న దూలముకొరకు దుఃఖించుట కపోతబుద్ధి కాదా యని ప్రశ్న. దీనికి సమాధానము ఆ కథలలోనే కలదు. కపోతమునకు చెప్పిన దోషము గూటిని బాగుచేసికొనుట కాదు, ‘నాది’ అను మోహము. సర్పము ఇల్లు కట్టకున్నను, చీమలు కట్టి విడిచిన పుట్ట నిలిచియున్నందుననే కదా దానికి నివాసము కలిగినది? ఆ మాటను మనకు అన్వయించుకొన్నచో, మనమందరము పరులు కట్టిన ఇండ్లలో ఉన్న సర్పములమే. ముత్తాత నాటిన దూలముక్రింద నిదురించితిమి. అనుభవించునప్పుడు వైరాగ్యమును తలపక, రక్షింపవలసివచ్చినపుడు మాత్రమే వైరాగ్యమును పలుకుట ఆత్మవంచన యగును.

రెండవ యుక్తి కలప స్వభావమును గూర్చినది. దారువు నశించునదే. పూరీ క్షేత్రమున దారుబ్రహ్మమైన జగన్నాథస్వామియే నవకళేబరోత్సవమున పాత దేహమును విడిచి క్రొత్త దేహమును ధరించుచున్నాడు. 1977లో, 1996లో, 2015లో అట్లు జరిగినది. స్వామికే పాత దారువుపై పట్టుదల లేనపుడు మనకు ఎందుకని అందురు. ఈ దృష్టాంతము యుక్తమైనదే. కాని దాని ఫలితము వారు చెప్పినట్లు లేదు. నవకళేబరము అధికాషాఢము వచ్చిన సంవత్సరమున, విధించిన లక్షణములు గల వేపమ్రానును వెదకి, తరతరములుగ నియమింపబడినవారి చేతులమీదుగ జరుగును. బ్రహ్మపదార్థమును పాత మూర్తినుండి క్రొత్త మూర్తికి చేర్చిన పిమ్మటనే పాతది విశ్రమించును. అచ్చట మార్పు కలదు, కాని నిర్లక్ష్యము లేదు, వేగిరపాటు లేదు, పాత దారువును వెలకట్టుట లేదు. చెడిన దూలమును తీసి మరియొక దూలము వేయుట నవకళేబరధర్మము. దూలము చెడినదని ఇంటినంతయు కూల్చి స్తంభములను అంగడికి తోలుట ఆ ధర్మము కాదు. నేను చేసినది రెండవది.

మూడవ యుక్తి అన్నింటికంటె బలమైనది. అది దయకు సంబంధించినది. ఆ ఇండ్లలో నివసించువారు పెక్కుమంది ధనవంతులు కారు. సందులలోనికి బండి రాదు. రోగిని చేతులమీద మోసికొనిపోవలెను. చీకటి మెట్లు, కారుచున్న పైకప్పు, చాలని మరుగుదొడ్లు. అద్దె నియంత్రణ చట్టమువలన దశాబ్దములుగ అద్దెలు పెరుగక, యజమానికి బాగుచేయు శక్తి గాని కోరిక గాని లేదు. ఒకే ఇంటికి వారసులు పలువురై, ఒకరు ఒప్పుకొన్నను మరియొకరు ఒప్పుకొనరు. మతకలహములు రేగిన సంవత్సరములలో భయపడి వెళ్ళినవారు తిరిగి రాలేదు. ఇట్టివారితో, ‘నీ ఇల్లు దేశమునకు సంపద, దానిని మార్చరాదు’ అని చెప్పుట, మన కన్నులపండువుకొరకు వారి కష్టమును శాశ్వతము చేయుట కాదా? పరుని దుఃఖముతో తన ఆనందమును కొనువాడు వైష్ణవుడు కాజాలడు.

ఈ యుక్తికి తోడుగ మరియొక సత్యమును ఒప్పుకొనవలెను. ఆ వాడల ద్వారములు దొంగలు రాకుండుటకే కాదు, అన్యులు రాకుండుటకును మూయబడెను. ఒక్కొక్క వాడ ఒక్కొక్క కులమునకో వృత్తికో ప్రత్యేకమై యుండెడిది. మన అగ్రహారములును ఈ దోషమునకు అతీతములు కావు. తిరుక్కోట్టియూరు గోపురమెక్కి మంత్రార్థమును అందరకును చాటిన శ్రీభగవద్రామానుజుల అడుగుజాడలలో నడచువారము, పాత ద్వారముతోపాటు పాత నిషేధమును కాపాడజాలము. చెక్కడమును నిలుపుకొందము, అరుగును నిలుపుకొందము, ఆ అరుగుపై ఎవరు కూర్చుండవచ్చునను విషయమున మాత్రము పూర్వులకంటె విశాలహృదయులమగుదము.

ఇంతవరకు పూర్వపక్షములు. ఇక సిద్ధాంతము.

మనుస్మృతి వ్యవహారపదములను పదునెనిమిదింటిని చెప్పినది. మొదటిది ఋణాదానము, రెండవది నిక్షేపము, మూడవది అస్వామివిక్రయము. నిక్షేప మనగా నమ్మి ఒకరు మనవద్ద దాచిన సొమ్ము. దానిని భద్రముగ కాపాడి, అడిగిననాడు అదే స్థితిలో ఇచ్చివేయవలెను. దాచుకొన్నవాడు దానిని అనుభవించి పోగొట్టిన దోషి యగును. తనది కాని వస్తువును అమ్ముట అస్వామివిక్రయము. ఈ రెండును ప్రక్కప్రక్కన చెప్పబడుట గమనింపదగినది; నిక్షేపమును తనదనుకొన్నవాడు తరువాత చేయునది అస్వామివిక్రయమే గదా!

తరతరముల ఇల్లు నిక్షేపము. దానిని దాచినవారు పూర్వులు. తిరిగి పుచ్చుకొనవలసినవారు ఇంకను పుట్టనివారు. నడుమ మనము కావలివారము. చట్టము దృష్టిలో ఇల్లు నాదే కావచ్చును; నా సంతకము చెల్లినది. ధర్మదృష్టిలో నేను మా మనుమల సొమ్మును వారి నడుగక అమ్మితిని. శ్రీవైష్ణవులమైన మనకు ఈ భావము క్రొత్తది కాదు. శ్రీమద్వేదాంతదేశికులు న్యాసదశకము, న్యాసవింశతి యను గ్రంథములలో ఆత్మసమర్పణమును ‘న్యాస’ మనిరి. న్యాసమునకు నిక్షేప మనియు అర్థము కలదు. ఆత్మయే నాది కాదు, స్వామిది యని ఆయనవద్ద ఉంచినవాడు, ఇంటిని నాదియని ఎట్లు వాదించును?

అయితే నిక్షేపధర్మమునకు రెండవ ప్రక్క కూడ కలదు. ఆ వాడలోని ఇండ్లు ఊరందరి నిక్షేపమని మనమనుచున్నాము. 2017లో ఆ ప్రాకారనగరమును యునెస్కో ప్రపంచ వారసత్వ నగరముగ ప్రకటించినది. భారతదేశమున ఆ గౌరవము పొందిన మొదటి నగరమది. రెండువేలకు పైగా గృహములను కాపాడదగినవానిగ పట్టికలో చేర్చిరి. 1997నుండి కాలూపురము దేవాలయమువద్ద ఆరంభించి జామామసీదువరకు యాత్రికులను నడిపించి చూపుచున్నారు. ఇవి యన్నియు మంచివే. కాని ఫలమును అందరు అనుభవించి, భారమును ఆ ఎనుబదియేండ్ల తల్లి ఒక్కతెపై ఉంచుట ధర్మము కాదు. కాపాడుమని చెప్పువాడు కాపాడుటలో భాగము వహింపవలెను.

ఇది క్రొత్త మాట కాదు. ఆ వాడలలో పూర్వము పంచాయతి యుండెడిది. వాడలో ఇల్లు అమ్మినపుడు ధరలో కొంత భాగము వాడ సొమ్ములో చేరెడిది. ఆ సొమ్ముతో ద్వారమును, కావలివానిని, చబూతరోను పోషించెడివారు. ఇల్లు ఒకనిదైనను వాడ అందరిది యను తెలివి అందు కలదు. ఇప్పుడు నగరపాలకులు చేసిన ఏర్పాటు ఒకటి కలదు. పాత ఇంటిపై అంతస్తులు పెంచుకొను హక్కును యజమాని విడిచి, ఆ హక్కును నగరమున వేరొకచోట కట్టువారికి అమ్ముకొని, వచ్చిన ధనముతో తన ఇంటిని బాగుచేసికొనవచ్చును. త్యాగము చేసినవానికి ప్రతిఫలమును కూర్చుట వలన ఇది న్యాయమైన మార్గము. అది పేదవారికిని వృద్ధులకును కాగితముల చిక్కు లేకుండ అందినచో ఇంకను న్యాయమగును.

మన ఆగమములు జీర్ణోద్ధారణకు చూపిన మార్గము ఇంకను సూక్ష్మమైనది. ఆలయమున మరమ్మతు చేయునపుడు ముందుగ బాలాలయము నేర్పరచి, స్వామి శక్తిని అందు ఆవాహనము చేసి, అచ్చట నిత్యపూజకు లోటు లేకుండ చేసిన పిమ్మటనే ఆలయమున ఉలి తాకును. ఆ యాత్రకు మూడు నెలలముందు, 2018 ఆగస్టు నెలలో, తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము జరిగినది. పండ్రెండేండ్ల కొకసారి జరుగు ఆ ఉత్సవమును సేవించిన భక్తులకు ఈ క్రమము తెలియును. ముందు స్వామికి నివాసము, తరువాత కట్టడము. ఇండ్లకును ఇదియే క్రమము. ముందు నివసించువానికి నీడ, నీరు, భద్రత, తరువాత చెక్కడము. నివసించువాడు వెడలిపోయిన ఇల్లు ఎంత సుందరమైనను బాలాలయము లేని జీర్ణోద్ధారణ వంటిది. ఆ నగరమునందే ఘూర్జరకవి దలపత్‌రాముని ఇల్లు కాలగర్భమున కలసినది. ముఖభాగమును మాత్రము మరల కట్టి, దానిముందు కవి విగ్రహమును కూర్చుండబెట్టిరి. గౌరవముతో చేసిన పనియే. కాని ఆ ముఖము వెనుక ఇల్లు లేదు. దీపము వెలిగించువారు లేరు. ఆరువందల వాడలకును అట్టి ముఖములే మిగులుట రక్షణ యనిపించుకొనదు.

పాతవి అన్నియు బలహీనములను భ్రమ కూడ వలదు. 2001 జనవరి 26వ తేదీన భూకంపము వచ్చినపుడు అహమ్మదాబాదులో క్రొత్తగ కట్టిన కాంక్రీటు మేడలు పెక్కు కూలి వందలమంది మరణించిరి. గోడలలో కలపపట్టెలు పొదిగిన పాత ఇండ్లు పెక్కు పగుళ్ళుబారినను నిలిచి, లోపలివారిని కాపాడినవి. కలప వంగి ఊగును, కాని విడిపోదు. ఆ పట్టెలు గోడను చెదరకుండ పట్టియుంచును. చెదలు పట్టనీయక, నీరు నిలువనీయక, చెడిన తునకను వెంటనే మార్చుచున్నచో టేకు తరములు నిలుచును. ఇట్టి పని తెలిసిన వడ్రంగులు తగ్గుచున్నారు. ఇల్లు నిలువవలెనన్నచో ముందు ఆ విద్య నిలువవలెను; ఒక వడ్రంగి కుమారుడు తండ్రి ఉలిని పట్టుట, ఒక వేదవిద్యార్థి సంతను పట్టుటవలె పోషింపదగిన విషయము.

పాఠకులలో పెక్కుమందికి పాత ఇల్లు కలదు. లేక అట్టి ఇంటిలో భాగము కలదు. అమ్మవలసిన కష్టము ఎవరికైనను రావచ్చును. కష్టకాలమున అమ్మినవారిని నిందించుటకు నేనీ వ్యాసము వ్రాయలేదు. కుమార్తె వివాహమును నిలుపుట తండ్రికి ధర్మమే. కాని సంతకము చేయుటకు పూర్వము ఒక దినము ఆగి విచారింపుడు. బాగుచేయుటకు వీలున్నదా యని తెలిసిన వడ్రంగిని అడిగితిమా? సోదరులు, దాయాదులు కలసి భారమును పంచుకొందుమా యని అడిగితిమా? అందు నివసించు వృద్ధుల మాట వింటిమా? నేను ఈ మూడింటిలో ఒక్కటియు చేయలేదు. చేసియున్నచో ఇల్లు నిలిచెడిదో లేదో చెప్పజాలను. మా మేనత్తకు సమాధానము చెప్పగలిగెడివాడను.

క్షేత్రములకు పోవునపుడు కూడ ఈ ధర్మము వర్తించును. శ్రీరంగమునగాని, పూరీలోగాని, ద్వారకలోగాని ఆలయము చుట్టునున్న పాత వీథులలో జనులు నివసించుచున్నారు. వారి అరుగు మనకు విశ్రాంతినిచ్చును. ‘ఎంత బాగున్నది’ అని వెడలిపోవక, వీలైనంత సాయమును ఆ వీథులను బాగుచేయు పనులకు అందించుట తీర్థయాత్రలో ఒక భాగము కావలెను.

ఆ వృద్ధురాలి ఇంటినుండి వెడలునపుడు దూలము మార్చుటకు ఎంత యగునని అడిగితిని. ఆమె చెప్పిన సొమ్ము నా శక్తికి మించినది. నాకు చేతనైనంత ఠాకోర్‌జీ ఊయలయొద్ద ఉంచితిని. ఆమె వలదనలేదు, సంతోషింపను లేదు. ‘స్వామి చూచుకొనును’ అన్నది. ప్రసాదముగ కలకండ ఇచ్చినది. అది తెచ్చి, మా మేనత్త పరమపదించినను ఇప్పటికిని మా ఇంటి గూటిలోనే యున్న పెరుమాళ్ళముందు ఉంచితిని.

జగమంతయు తన ఇల్లుగా గల శ్రియఃపతి, మనకు అప్పగించిన చిన్న ఇండ్లను నిక్షేపబుద్ధితో కాపాడు తెలివిని, కాపాడువారి భారమును పంచుకొను దయను మనకు ప్రసాదించుగాక!